తుపాను లెక్క భూకంపానికి కుదరదు

2024 డిసెంబరు 21, శనివారం. పొద్దున బడులు మొదలైన కాసేపటికి ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కొన్ని సెకన్లు కదిలింది. పిల్లలు బడుల్లోంచి బయటికి పరుగెత్తారు. ఇళ్లలో ఉన్నవాళ్లు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. మర్నాడు మళ్లీ కదిలింది, ఆ తర్వాతి రోజు కూడా. రిక్టర్ స్కేలు మీద మూడు చుట్టుపక్కల తీవ్రత కాబట్టి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. అయితే ఆ మూడు రోజుల టెన్షన్‌లో ఒక సంగతి బయటపడింది. తుపాను వస్తోందంటే ఏం చేయాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ప్రాంతం ఇది. భూమి కదిలితే మాత్రం వీధిలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప తర్వాత ఏమిటన్నది ఎవరికీ తెలియదు.

సాయం చేసే సంస్థల సంగతీ అంతే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల దాతృత్వం తుపాన్ల దగ్గర చదువుకుంది. 1927 నాటి నెల్లూరు తుపాను పెద్దల కథల్లో మిగిలింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కూడా తెగింది. ఈ అనుభవాల్లోంచి ఒక పద్ధతి పుట్టింది. వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందే చెబుతుంది. లోతట్టు ఊళ్లవాళ్లను తుపాను షెల్టరుకో బడికో తరలిస్తారు. గాలి తగ్గగానే పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు బయల్దేరతాయి. నీళ్లు తీసేసరికి జనం ఇళ్లకు వెళ్లి బురద ఎత్తిపోసుకుంటారు. లయన్స్, రోటరీ, రెడ్ క్రాస్, యువజన సంఘాలు, గుళ్లు, చర్చిలు, మసీదు కమిటీలు అందరికీ ఈ వరస కంఠతా వచ్చు.

భూకంపంలో ఈ వరసంతా తిరగబడుతుంది. ముందస్తు హెచ్చరిక ఉండదు. తరలించడానికి తీసుకెళ్లే బడి భవనమే అన్నిటికంటే ప్రమాదకరం కావచ్చు. నిలబడి ఉన్న ఇంట్లోకి కూడా వెళ్లడానికి భయం, ఎందుకంటే పెద్ద కుదుపు తర్వాత చిన్న కుదుపులు వారాల తరబడి వస్తూనే ఉంటాయి. అవి ఎప్పుడూ చిన్నవే అని కూడా లేదు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వస్తే, మే 12న 7.3 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది. మొదటిదానికి పగిలి నిలబడ్డ ఇళ్లు రెండోదానికి కూలాయి.

ఇక్కడ అంత పెద్దది వస్తుందా

వస్తుందని ఎవరూ చెప్పలేరు, రాదని చెప్పడానికీ వీల్లేదు. 2002 నాటి భూకంప జోన్ల పటంలో ఒంగోలు, నెల్లూరు మూడో జోన్‌లో ఉన్నాయి, అంటే ఒక మోస్తరు ప్రమాదం. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. గుండ్లకమ్మ వెంబడి భూగర్భంలో ఉన్న పగులును శాస్త్రవేత్తలు ఇలాంటి కదలికలకు కారణంగా చెబుతుంటారు. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో వరికుంటపాడు, వింజమూరు వైపు కూడా కొన్నేళ్ల కిందట ఇలాగే చిన్న కుదుపులు జనాన్ని నిద్రపోనివ్వలేదు.

5.4 అంటే గుజరాత్‌లోని భుజ్ భూకంపంతో పోలిస్తే చాలా చిన్నది. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్‌ను కూల్చిన 7.7తో లెక్కేస్తే ఒంగోలుది రెండు వేల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. అయితే మనం చూడాల్సింది భుజ్‌ను కాదు, మహారాష్ట్రలోని లాతూరును. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. దాదాపు 10 వేల మంది పోయారు. దక్కన్ పీఠభూమి గట్టి నేల, ఇక్కడ పెద్ద భూకంపాలు రావు అని అంతవరకు అందరూ అనుకున్నదే. వాళ్లను చంపింది ఇళ్లు. బండరాళ్లు పేర్చి మధ్యలో మట్టి మెత్తిన మందపాటి గోడలు, పైన దూలాల మీద అడుగుల మందాన మట్టి కప్పు. వేసవిలో చల్లగా ఉండే ఇల్లు అది. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు పాత మట్టిమిద్దెలు చూసినవాళ్లకు ఈ వర్ణన కొత్తగా అనిపించదు.

మొదటి మూడు రోజులు

భూకంపం వార్తల్లో హెల్మెట్లు పెట్టుకున్న రక్షక దళాలు, వాసన పట్టే కుక్కలు కనిపిస్తాయి. వాళ్ల పని గొప్పదే. కానీ ఏ దేశంలో చూసినా శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో అత్యధికుల్ని తీసింది పక్కింటివాళ్లు, అదీ మొదటి రోజే. 72 గంటలు దాటాక బతికి దొరికేవాళ్లు బాగా తగ్గిపోతారు. మనకు దగ్గర్లో ఉన్న జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. రోడ్డు బాగుంటే ఒంగోలుకు మూడు గంటలు పైమాట. రోడ్డు మీద ఒక వంతెన పగిలితే ఆ లెక్క మారిపోతుంది. భుజ్‌లో అదే జరిగింది. భుజ్ ఉన్న కచ్‌ను సౌరాష్ట్రతో కలిపే సూరజ్‌బారి వంతెన దెబ్బతిని రాకపోకలకు ఇబ్బంది అయింది.

కాబట్టి మొదటి రోజు సాయం అంటే స్థానికంగా ఏ పరికరం ఉందన్నదే. ఈ విషయంలో ప్రకాశం జిల్లాకు ఉన్న ఆస్తి చాలా జిల్లాలకు లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పెద్ద పెద్ద బండల్ని ఎత్తే క్రేన్లు, పొక్లెయిన్లు, కంప్రెసర్లు, రాయి కోసే యంత్రాలు, అన్నిటికీ మించి బండ ఎటు ఒరుగుతుందో చూపుతోనే చెప్పగల మనుషులు ఉన్నారు. స్లాబు ముక్కను పక్కకు తీసేటప్పుడు కింద మనిషి ఉన్నాడని గుర్తుంచుకుని ఎత్తడం వేరే విద్య, దానికి శిక్షణ కావాలి. జేసీబీ తొట్టితో శిథిలాన్ని గోకితే కింద బతికున్నవాళ్లు కూడా పోతారు. ఏటా దుప్పట్లు పంచడానికి పెట్టే డబ్బులో కొంత తీసి, ఇలాంటి ఆపరేటర్లకు రెండు రోజుల శిక్షణ ఇప్పించే సంస్థ ఏదైనా ఉంటే, అది చేసే మేలు వెయ్యి దుప్పట్లకు మించుతుంది. ఫొటోకు మాత్రం అంత బాగుండదు.

తీరం వైపు ఆస్తి వేరు. రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ల కోసం డీజిల్ జనరేటర్లు ఉంటాయి. కరెంటు లేని రాత్రి ఆసుపత్రి ఆవరణలో వెలుగు కావాలన్నా, సెల్‌ఫోన్లు చార్జింగ్ పెట్టాలన్నా అవే దిక్కు. నెల్లూరు వరి రైతు దగ్గర ధాన్యం ఆరబెట్టే, కప్పే పట్టలు ఉంటాయి. పొగాకు రైతు దగ్గరా ఉంటాయి. వీటి సంఖ్య ఎవరి దగ్గరా రాసి ఉండదు.

ఇక వైద్యం. ఇక్కడ ఒక చిత్రమైన, భయంకరమైన సంగతి ఉంది. స్లాబు కింద రెండు తొడలూ ఇరుక్కుని ఎనిమిది గంటలు గడిపిన మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, మంచినీళ్లు అడుగుతాడు. అందరూ కలిసి స్లాబు ఎత్తుతారు, చప్పట్లు కొడతారు. కాసేపటికే గుండె ఆగిపోతుంది. నలిగిన కండరంలోంచి పొటాషియం, ఇతర విష పదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతాయి. గుండె తట్టుకున్నా మూత్రపిండాలు దెబ్బతింటాయి. బరువు ఎత్తకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి, ఆ తర్వాత చాలామందికి కొద్ది రోజులు డయాలసిస్ కావాలి. 1988 డిసెంబరులో అర్మేనియాలో వచ్చిన భూకంపంలో ఇలా పోయినవాళ్లను చూశాకే, అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం విపత్తుల కోసం ఒక ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది. 1999లో తుర్కియే భూకంపానికి ఆ బృందం అక్కడికి వెళ్లి పనిచేసింది. దీన్నిబట్టి మన జిల్లాల్లో రక్తదాన శిబిరాలు నడిపే సంస్థలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. భూకంపం నాడు రక్తం ఇవ్వడానికి కుర్రాళ్లు ఎలాగూ బారులు తీరతారు, డయాలసిస్ యంత్రాలకు శుద్ధిచేసిన నీళ్లు, కరెంటు ఎక్కడి నుంచి వస్తాయి? అవి ఆగిపోతే గాయపడ్డవాళ్లతో పాటు, ఎప్పుడూ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే పాత రోగులు కూడా ప్రమాదంలో పడతారు.

ఒక పట్ట, ఒక కుటుంబం

రెండో రాత్రి నుంచి కథ మారుతుంది. అప్పటికి గాయాలు లేనివాళ్లే ఎక్కువమంది, వాళ్లందరూ ఆరుబయట ఉంటారు. అంతర్జాతీయ సంస్థలు పంచే టార్పాలిన్ పట్ట నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు ఉంటుంది. ఎందుకు ఆ కొలత? విపత్తుల్లో కనీస ప్రమాణాలుగా చాలా సంస్థలు ఒప్పుకున్న స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల నీడ ఉండాలి. అయిదుగురున్న ఇంటికి పదిహేడున్నర. పట్ట మొత్తం ఇరవై నాలుగు. మధ్యలో తాడు కట్టి ఇటూ అటూ వాలుగా దించితే కొంత తగ్గుతుంది, మిగిలింది సరిగ్గా ఆ కుటుంబానికి సరిపోతుంది. అంచుల్లో బలమైన కన్నాలు ఉండాలి, లేకపోతే మొదటి గాలికే చిరుగుతుంది. పట్ట ఇచ్చి తాడు ఇవ్వకపోతే ఇచ్చినట్టు కాదు. తాడు ఇచ్చి గుంజలు ఇవ్వకపోతే కూలిన ఇంటి దూలాలు లాగడానికి జనం మళ్లీ శిథిలాల్లోకి వెళ్తారు. చలికాలమైతే పట్ట మాత్రమే చాలదు, మన ఎండాకాలమైతే నల్లటి ప్లాస్టిక్ కింద పగలు కూర్చోలేరు.

ఇలా అన్నీ ముందే ఆలోచించి ఒకే పెట్టెలో సర్దడం అన్న ఊహతో ఇంగ్లండ్‌లో 2000లో షెల్టర్‌బాక్స్ అనే సంస్థ పుట్టింది. దాని మొదటి 143 పెట్టెలు వెళ్లింది మన భుజ్‌కే. గుడారం, దుప్పట్లు, వంట సామాను, పనిముట్లు, అన్నీ ఒక పెట్టెలో. వంట సామాను మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తుపాను తర్వాత ఇంటికో పాతిక కిలోల బియ్యం ఇవ్వడం మనకు అలవాటు. ఇంట్లో గిన్నె ఉంటుంది, పొయ్యి ఉంటుంది, తడిసినా పనికొస్తాయి. భూకంపంలో గిన్నె శిథిలం కింద ఉంటుంది, గ్యాసు సిలిండరు కూడా అక్కడే. బియ్యం మూట పక్కన పెట్టుకుని ఆకలితో కూర్చోవాలి.

అందుకే మొదటి వారం పదిరోజులు ఊరికి ఒకటో రెండో పెద్ద వంటశాలలు నడపడమే దారి. గుజరాత్‌లో స్వామినారాయణ్ సంస్థలు ఈ పని పెద్ద ఎత్తున చేశాయి. మన దగ్గర ఈ నైపుణ్యానికి కొదవ లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున ఏటా జరిగే రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. అన్ని రోజులూ నీళ్లు, మరుగుదొడ్లు, వరసలు, అన్నదానం, తప్పిపోయిన పిల్లల సంగతి చూసుకునే మనుషులు ఊళ్లో ఉన్నారు. శిబిరం నడపడం అంటే దాదాపు అదే పని, సంతోషం లేకుండా.

నీళ్లు, మరుగుదొడ్ల లెక్కను చాలా సంస్థలు చివరికి నెట్టేస్తాయి. మనిషికి రోజుకు 15 లీటర్లు కావాలి. వెయ్యి మంది ఉన్న శిబిరానికి అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు మూడు. ఓవర్‌హెడ్ ట్యాంకు బీటలు వారి, పైపులు తెగి ఉంటాయి కాబట్టి ట్యాంకరే గతి. కనిగిరి ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్లతో ఏళ్లుగా పోరాడుతూ ట్యాంకర్లకు అలవాటుపడింది, కనుక ఎవరి ట్యాంకరు ఎక్కడ నింపుకుంటుందో అక్కడివాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. మరుగుదొడ్డి ఇరవై మందికి ఒకటి ఉండాలి, ఆడవాళ్లకు వేరుగా, రాత్రి దీపం వెలిగేలా ఉండాలి. దీపం లేకపోతే ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఈ సంగతి పంపిణీ జాబితా రాసే కుర్రాళ్లకు తట్టదు. కమిటీలో ఆడవాళ్లు ఉంటే తడుతుంది.

లారీ నిండా పాత బట్టలు

విపత్తు వార్త రాగానే ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు లారీ మాట్లాడతారు. మైకు పట్టుకుని వీధులు తిరుగుతారు. సాయంత్రానికి లారీ నిండుతుంది, సగం పాత బట్టలే. ఇచ్చేవాళ్ల మనసును తప్పు పట్టలేం. బట్టలకు జరిగేది మాత్రం చూడాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి వానకు నానాయి. జాలర్ల ఆడవాళ్లు కట్టుకోని రకం బట్టలు, ఉతకనివి, చిరిగినవి. గూంజ్ అనే సంస్థ వాటిలో పనికొచ్చేవి ఏరి, శుభ్రం చేసి వేరే అవసరాలకు మళ్లించే పని తర్వాత నెత్తిన వేసుకుంది. ఈ రెండు జిల్లాల తీరంలోని జాలర్ల పట్టపుపాలేలు కూడా ఆ సునామీని చూశాయి. ఇక్కడి జనం చూసిన అతి పెద్ద భూకంప నష్టం అదే, భూకంపం మాత్రం సుమత్రా దగ్గర సముద్రంలో వచ్చింది.

మందులదీ అదే దారి. అర్మేనియాకు 1988లో అయిదు వేల టన్నుల మందులు, వైద్య సామగ్రి చేరాయి. అందులో ఏముందో తేల్చుకోవడానికే యాభై మందికి ఆరు నెలలు పట్టింది. ఎనిమిది శాతం వచ్చేనాటికే గడువు తీరినవి. మిగిలినవాటిలో సులువుగా గుర్తుపట్టగలిగినవి ముప్పై శాతమే, ఎక్కువవాటి మీద కంపెనీ పెట్టుకున్న పేరే తప్ప మందు అసలు పేరు లేదు. ఇలాంటి అనుభవాల తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి నియమాలు రాసింది. ఇంట్లో మిగిలిన మాత్రలు పోగుచేసి పంపడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

సరుకు పంపితే ఇంకో చిక్కు, దారి. కాఠ్మాండూ విమానాశ్రయంలో ఒకే రన్‌వే. 2015లో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పెద్ద విమానాల బరువుకు అది దెబ్బతింది. మే 3న పెద్ద విమానాలు దిగకూడదని ఆపేశారు. అవసరమైన పట్ట, అవసరం లేని బిస్కెట్ పెట్టె ఒకే వరసలో నిలబడ్డాయి. మన దగ్గర రన్‌వే సమస్య కాదు, పదహారో నంబరు జాతీయ రహదారి సమస్య. విజయవాడ నుంచి వచ్చిన లారీ రోడ్డు పక్కన కనిపించిన మొదటి ఊళ్లో ఆగి పంచేసి వెళ్లిపోతుంది. లోపలి ఊళ్లకు ఏదీ చేరదు. భుజ్‌లో రహదారి పక్క ఊళ్లకు అందినంత సాయం లోపలి ఊళ్లకు అందలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లోనూ ఇదే గోల. వీధి మొదట్లో ఉన్నవాళ్లకు పొట్లాలు మీద పొట్లాలు, వీధి చివర మేడ మీద ఉన్నవాళ్లకు ఎదురుచూపులు.

డబ్బు పంపడం మేలు అని అందుకే అంటారు. డబ్బుకు గోడౌన్ అక్కర్లేదు, గడువు తీరదు, దగ్గర్లో కొనుక్కోవచ్చు. భూకంపం ఒంగోలులో వస్తే నెల్లూరు మిల్లుల్లో బియ్యం ఉంటుంది, కావలిలో గిన్నెల కొట్టు తెరిచే ఉంటుంది. ఆ కొట్టువాడి దగ్గర కొంటే అతనూ నిలబడతాడు. అయితే మొదటి వారం బాధితుడి చేతిలో నోట్లు పెడితే లాభం లేదు, కొట్లు కూలి ఉంటాయి కాబట్టి. సంత మళ్లీ మొదలైన రోజు నుంచి నగదుకు విలువ.

డబ్బు ఎటు పోతుంది

2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపాల్లో 50 వేల మందికి పైగా పోయారు. మూడో రోజున, చలిలో జనం వణుకుతున్నప్పుడు, తుర్కియే రెడ్ క్రెసెంట్ తన దగ్గరున్న 2,050 గుడారాల్ని ఇంకో స్వచ్ఛంద సంస్థకు 4.6 కోట్ల లీరాలకు అమ్మింది. అవి తమ అనుబంధ కంపెనీ తయారుచేసినవని, తయారీ ఖర్చుకే ఇచ్చామని సంస్థ పెద్దలు చెప్పుకున్నారు. జనం వినలేదు. మే నెలలో రెడ్ క్రెసెంట్ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. లెక్కల ప్రకారం చూస్తే వాళ్ల వాదనలో కొంత పస ఉంది. కానీ గుడారాలు గోడౌన్‌లో ఎందుకున్నాయి, ఎవరి కోసం ఉన్నాయి అన్న ప్రశ్నకు జవాబు అందులో లేదు.

హైతీ 2010 భూకంపానికి అమెరికన్ రెడ్ క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది. అయిదేళ్ల తర్వాత పాత్రికేయులు వెళ్లి చూస్తే అది కట్టిన పక్కా ఇళ్లు ఆరు. తాత్కాలిక నివాసాలు, మరమ్మతులు, ఆసుపత్రులు, ఇతర సంస్థలకు ఇచ్చిన నిధులు లెక్కలో చూడాలని సంస్థ వాదించింది. భూమి ఎవరిదో తేలకపోతే ఇల్లు కట్టలేమన్నది నిజమే. అయితే ఆ సంగతి విరాళం అడిగే రోజున చెప్పలేదు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ. సునామీ వచ్చిన వారం పది రోజుల్లోనే మాకు ఈ పనికి సరిపడా డబ్బు వచ్చేసింది, ఇక దీనికోసం పంపకండి అని ప్రకటించింది. మిగతా సంస్థలకు అప్పట్లో కోపం వచ్చింది కూడా. దాత నమ్మకం మీద నడిచే పనిలో అంత తెగువ అరుదు.

"మీ రూపాయి రూపాయీ బాధితుడికే" అని రాసే ప్రకటనను కాస్త అనుమానంగా చూడటం మంచిది. లారీకి డీజిల్ ఎవరు పోశారు, గోడౌన్ అద్దె ఎవరు కట్టారు, ఆడిటరుకు ఎవరిచ్చారు? ఎవరో ఒక దాత భరించి ఉంటే ఆ మాటే చెప్పొచ్చు. ఖర్చు చూపని సంస్థ కంటే పదిహేను శాతం ఖర్చు చూపి బిల్లులు పెట్టే సంస్థ నమ్మదగింది. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉండాలి, రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే సంస్థ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు పంపే డబ్బుకు ఇంకో మెలిక ఉంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించాక, ఆ అనుమతి ఉన్న ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని వేరే సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, ఆ సంస్థకూ అనుమతి ఉన్నా సరే. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ డబ్బు తీసుకుని, కొండపిలోనో పొదిలిలోనో ఊరి సంగతులన్నీ తెలిసిన చిన్న సంఘం చేత పని చేయించే పాత పద్ధతి దాంతో మూతపడింది. దుర్వినియోగం ఆపడానికని ప్రభుత్వం చెప్పింది. ఫలితంగా మాత్రం డబ్బున్న చోట ఊరు తెలియదు, ఊరు తెలిసిన చోట డబ్బు లేదు.

జాబితాలో లేనివాళ్లు

భుజ్‌లో కచ్ నవనిర్మాణ్ అభియాన్ అనే సంస్థల కూటమి చేసిన పని చెప్పుకోవాలి. 1998 కాండ్లా తుపాను తర్వాత ఏర్పడ్డ కూటమి అది, కాబట్టి భూకంపం నాటికి ఒకరినొకరు ఎరిగినవాళ్లే. కొన్ని ఊళ్లకు ఒకటి చొప్పున సేతు కేంద్రాలు పెట్టారు. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు కూలాయి, ఏ సంస్థ ఎక్కడ పంచింది, ప్రభుత్వ ఉత్తర్వు ఏం చెబుతోంది, ఎవరికి పరిహారం రాలేదు, ఇదంతా అక్కడ రాసి ఉండేది. పంచడం కంటే రాయడం వాళ్ల ముఖ్యమైన పని అనుకోవచ్చు. ఇళ్లు ఎవరికి వాళ్లు కట్టుకునేలా డబ్బు, ఇంజినీరు సలహా ఇచ్చే పద్ధతి గుజరాత్‌లో బాగా నడిచింది. లాతూరులో 52 ఊళ్లను వేరే చోటికి మార్చి కొత్తగా కట్టారు. పట్నం కాలనీల మాదిరి వెడల్పు రోడ్లు, వరస ఇళ్లు వచ్చాయి. గొడ్డు కట్టేసుకోవడానికి, నాగలి పెట్టుకోవడానికి చోటు గురించి అడిగినవాళ్లు తక్కువ.

ఇక్కడ గ్రామ సచివాలయాల దగ్గర ఇంటింటి వివరాలు ఉంటాయి కదా, ఇంకేం జాబితా అనిపించొచ్చు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ జాబితా చాలు. అద్దెకున్నవాళ్లకు? ఇల్లు కూలిందని యజమానికి పరిహారం వస్తే, సామానంతా పోయిన అద్దెదారుడికి ఏ పద్దు కింద ఇస్తారు? నెల్లూరు జిల్లాలో చెరువు గట్ల మీద, రొయ్యల గుంటల కాపలా పాకల్లో ఉండే యానాది కుటుంబాల్లో చాలామందికి సరైన కాగితాలు ఇప్పటికీ లేవు. ప్రభుత్వం కాగితం చూసి ఇస్తుంది, అది దాని పద్ధతి. కాగితం లేని మనిషిని వెతికి పట్టుకోవడం స్వచ్ఛంద సంస్థకే సాధ్యం, దానికి ఆ మనిషి ఎక్కడుంటాడో భూకంపానికి ముందే తెలిసి ఉండాలి.

ఒక సంఘం ఒక వారంలో, పెద్దగా ఖర్చు లేకుండా, ఒక నోటు పుస్తకంలో రాసుకోగలిగిన విషయాలు చాలా ఉన్నాయి. ఎవరి దగ్గర ఎన్ని పట్టలు, ఎవరి జనరేటరు ఎంత సామర్థ్యం, ఏ ట్యాంకరు ఎక్కడ నిండుతుంది, రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే క్వారీలో క్రేను తాళం ఎవరి చేతిలో ఉంటుంది. చివరి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే క్వారీ పక్కన రేకుల షెడ్డు దగ్గర ఆగుతాం. క్రేను నడిపే కుర్రాడు ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడు. ఊరంతా అతని సాయం కోసం చూసే ఆ రాత్రి అతనూ ఆ షెడ్డులోంచి ఒట్టి కాళ్లతో బయటికి పరుగెత్తుతాడు. మర్నాడు పట్టలు పంచేటప్పుడు ఊరి జాబితాలో అతని పేరు ఉండదు.